ఆగిన ఇంజన్, తిరిగే కోడి

1948, పోలీస్ యాక్షన్ రోజులు. రైళ్లు ఆగిపోవడంతో, ఇంజన్‌లో బొగ్గేసే ఒక మనిషి లాలాగూడ రైల్వే క్వార్టర్‌లో మంచం మీదే ఉన్నాడు. అతని భార్య వాకిట్లో కోడికి గుప్పెడు జొన్నలు చల్లింది.

“ఏందే, రేషన్ జొన్నలు కోడికేస్తున్నవ్?”

“గుడ్డు పెడ్తది. తినేది నువ్వే గద.”

“నీకు తెల్వదు. ఇంజన్ల ఎంత బొగ్గేసినా చక్రం దాక వచ్చేది జెరంతనే. మిగిలిందంత వేడి, పొగ. కోడి సుత గంతే. తిన్న బలమంత ఉరుకుడుకు, అరుసుడుకే పాయె. గుడ్డులకు వచ్చేదెంత? గా జొన్నలు మనమే తింటే బలమంత మనకే.”

“మరి కోడినేం జేద్దాం?”

“కోసి కూర వండు.”

“గదా నీ లెక్క! జొన్నలు గుప్పెడే. దాని కడుపు నిండేది పెరట్ల చెదలతోని, పురుగులతోని. రేపటి సంది నువ్వు తింటవా చెదలు?”

“ఛీ! నేనెట్ల తింట?”

“నువ్వు తిననియి తిని, నువ్వు తినేది ఇస్తున్నది. దాన్ని కోస్తవా?”

“సరే, కొయ్యను తియ్. ఆకలైతుంది, రొట్టె పెట్టు.”

“షెడ్డుల నిలబడ్డ ఇంజన్‌కు సుత బొగ్గేస్తరా?”

“పిచ్చిదానా, నడవని ఇంజన్‌కు బొగ్గెవడేస్తడు?”

“మరి పొద్దుగాల సంది కోడి పెరడంత తిరిగొచ్చింది. నువ్వు మంచం దిగినవా?”

అతను మంచం దిగాడు.

“యాడికి?”

“గడ్డపార యాడ పెట్టినవ్? చెదలపుట్ట తవ్వుత. నాకు కాదు, కోడికి!”