కోటిలింగం తోలుకొచ్చిన రాతబల్లల జత

కోటిలింగమని ఎద్దుల బేరగాడు ఉండేవాడు మా ఊళ్ళో. బేరగాడంటే ఎట్టాంటి బేరగాడనుకున్నారు, సంతలో ఎద్దును చూడడంట, ఎద్దును అమ్మేవాణ్ణి చూస్తాడంట. చెయ్యేమో ఎద్దు మీద, కళ్ళేమో మనిషి మీద. మూపురం నిమురుతాడు, డొక్క నిమురుతాడు, గిట్ట ఎత్తుతాడు. లోపమున్న చోట చెయ్యి పడేతలికి ఎద్దు కంటే ముందు దాని ఆసామి ఉలిక్కిపడతాడంట. అదీ ఆయన విద్య. నలభై ఏళ్ళు ఆయన మాట మీద తాళ్ళు మారినయి. అమ్మినోడి తాడు విప్పి కొన్నోడి తాడు కడితే బేరం తీరినట్టు, ఆ కట్టే చెయ్యి కోటిలింగానిదే. అట్టాంటి మనిషికి ఏమైందంటే, ఒక ఏడు మస్తానయ్యకి ఎద్దును కొనిపెట్టాడు. మస్తానయ్యంటే ఎవరో కాదు, ఈయనకి సొంత బావమరిదే. ఎద్దు చూడ్డానికి కడిగిన శంఖంలా ఉందంట. ఇంటికి తెచ్చి మెడ మీద కాడి పెట్టారో లేదో, కూచుంది. తోక మెలేస్తే లేచింది, పది అడుగులేసింది, మళ్ళీ కూచుంది. దాన్నమ్మింది ఒక ముసలమ్మ. మొగుడు పోయి ఆర్నెల్లయింది, ఎద్దు కూచుంటదన్న సంగతి ఆమెకే తెలవదు. తెలవని మొహంలో ఏం కనపడుద్ది? ఏం కనపళ్ళా. అంతే, ఆ రోజు నుంచి కోటిలింగాన్ని సంతకు పిలిచినోడు లేడు. ఆయన బజారున వస్తుంటే చాలు, నిలబడ్డోళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు చతికిలబడేవాళ్ళంట ఆ ఎద్దు మాదిరి. నవ్వకు సుబ్బరామయ్యా, అట్టా కూచున్నోళ్ళలో మీ తాత కూడా ఉన్నాడు.

అట్టా రెండేళ్ళు గడిచినయి అనుకో. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ గారు కబురు పెట్టింది. ఆమె చదువుకున్న మనిషి, మాటకి కారమెక్కువ. మాకు రాత్రిబడి పెట్టించింది ఆమే, లాంతర్లలో కిరసనాయిలు కూడా ఆమెదే. కోటిలింగం పోయి నిలబడ్డాడు. ఆమె అందంట, కోటిలింగం, నాకొక రాతబల్ల కావాలి, మా నాయనకి ఉండేది అట్టాంటిది, మహాగని కర్ర, ముందువైపు మూత ఏటవాలుగా ఉంటది, ఆ మూత కిందికి దించితే అదే రాసుకునే పలకవుద్ది, లోపల చిన్న చిన్న అరలుంటయి, బాపట్లలో కరీముల్లా సాయిబు పాతసామాన్ల కొట్లో ఉందంట, పోయి పట్టుకురా అని. ఈయనకేమీ అర్థం కాలా. "అమ్మా, నేను గొడ్లోణ్ణి, నాకు చెక్క సంగతేం తెలుసు? వడ్రంగి బ్రహ్మయ్యని పంపగూడదా?" "బ్రహ్మయ్యకి చెక్క తెలుసు, బేరం తెలవదు. అడిగినంతా ఇచ్చి దణ్ణం పెట్టొస్తాడు. నువ్వే పో." "సరేనమ్మా, ఎంత వయసుది చూడమంటారు?" "నూరేళ్ళు దాటింది." "నూరేళ్ళా!" అన్నాడంట. ఎద్దు వయసు పళ్ళు చూసి కట్టేది, నాలుగు పళ్ళదా ఆరు పళ్ళదా అని జన్మంతా లెక్కపెట్టినోడు కదా, నూరేళ్ళదాన్ని డబ్బులిచ్చి కొనడమేంటని ఆయన గోల. "ముసలిదైతే చవగ్గా వస్తదిలేమ్మా" అన్నాడు. "ఓరి పిచ్చోడా, ముసలిదైతేనే పిరెం. కొత్తగా చేసింది వందకి దొరుకుద్ది, పాతది నాలుగొందలు. ఇదిగో నాలుగొందలు. పాతదే తేవాల. కొత్తది అంటగట్టించుకుని వచ్చావో, ఇక ఈ జన్మకి ఈ ఊళ్ళో నీ చేతికి తాడిచ్చేవాడు ఉండడు, అది నువ్వే చూసుకో" అందంట. కోటిలింగం ఆ నోట్లు మొలలో దోపుకుని బండి కట్టాడు. దారంతా ఒకటే అనుకోవడం, ఇది సరిగ్గా తెచ్చానా నా మాట నిలబడుద్ది, తప్పానా ఇక ఇంట్లో కూచోవడమే అని.

బాపట్లలో కొట్టు. కరీముల్లా సాయిబు పెద్దమనిషి, తెల్లటి గడ్డం, మెత్తటి మాట. బల్ల చూపించాడు. నల్లటి ఎరుపు, నున్నగా, మంచి ఎద్దు వీపు మాదిరి మెరుస్తుందంట. కోటిలింగం అలవాటు చొప్పున చెయ్యేసి, కళ్ళు సాయిబు మొహం మీద పెట్టి మొదలుపెట్టాడు. "ఏంది సాయిబూ, కాళ్ళు అరిగిపోయినయ్యే?" ఇట్టా అంటే సంతలో ఆసామి మొహం ముడుచుకోవాలా. సాయిబు మొహం విచ్చుకుంది. "చూశారా, ఎంత అరిగాయో! అదేనండీ అందం." "మూత మీద ఇంత సిరా మరకుంది." "ఆ మరకకే ఇవ్వాలండీ వంద రూపాయలు!" "పురుగు తొలిచింది, ఇదిగో బెజ్జాలు." "మీరు బాగా తెలిసినవారండీ" అని సాయిబు టీ తెప్పించాడంట. కోటిలింగానికి కళ్ళు తిరిగినయి. వంక చెప్పేకొద్దీ ధర పెరుగుతుంది! ఇదేం సంతరా నాయనా అనుకున్నాడు. ఇట్టా కాదని, పైమీది తువ్వాల తీసి సాయిబు చేతి మీద కప్పి, లోపల వేళ్ళు పట్టుకున్నాడు. గొడ్ల సంతలో ధర నోటితో చెప్పరు గదా, తువ్వాల కింద వేళ్ళతో చెబుతారు. ఒక వేలు పడితే వంద, రెండు పడితే రెండొందలు. గుప్పిట మొత్తం పట్టి నొక్కితే బేరం ముగిసింది, ఆపైన మాట లేదని. ఆ మర్యాద సాయిబుకేం తెలుసు? "ఏంటండీ, చెయ్యి పట్టుకుంటున్నారు? నాడి చూస్తున్నారా? నాకు ఒంట్లో బాగానే ఉందండీ" అని ఒకటే కంగారంట.

ఆ కంగారులో ఆయన వెనక్కి జరిగితే గోనెపట్టా ఒకటి జారి కింద పడింది. పడితే ఏముంది, దాని కింద ఇంకో బల్ల! అదే ఎరుపు, అవే కాళ్ళు, అదే మూత, మూత మీద అదే చోట అదే మరక, అవే బెజ్జాలు. కోటిలింగం దాన్ని చూశాడు, దీన్ని చూశాడు, సాయిబును చూశాడు. "ఏంది సాయిబూ, ఇది?" అంటే, సాయిబు కుర్చీలో కూలబడి చెప్పాడంట, బేరం కుదిరేలోపు నేనే చెబుదామనుకున్నానండీ, మా నాన్న ఒక దొర బంగళాలో ఈ బల్ల కొన్నారు, అదే బంగళాలో మహాగని బీరువా ఒకటి విరిగిపోతే, ఆ చెక్కతోనే ఒక మేస్త్రీ చేత దీనికి అచ్చు ఇట్లాంటిదే ఇంకోటి చేయించారు, ఏది ఏదో ఆయనొక్కడికే తెలుసు, చెప్పకుండానే పోయారు, తొమ్మిదేళ్ళయింది, ఏది అమ్మినా అబద్ధం అమ్మినట్టవుతుందేమోనని రెండూ ఇట్లాగే ఉంచానండీ అని. విన్నారా? చెక్క రెండింటిదీ పాతదే. పని ఒకదానిది పాతది, ఒకదానిది కొత్తది. ఏదీ పాతదంటే ఏం చెబుతావు?

అయినా కోటిలింగం తన విద్య వదల్లా. ఒకదాని మీద చెయ్యేసి, "ఇది కొత్తది సాయిబూ" అన్నాడు, మొహం చూశాడు. సాయిబు, "అయ్యుండొచ్చండీ" అన్నాడు. రెండోదాని మీద చెయ్యేసి, "కాదు, ఇదే కొత్తది" అన్నాడు. "అదీ అయ్యుండొచ్చండీ." మొహంలో ఈగ వాలినంత కదలిక లేదు. కోటిలింగం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఈ మొహం నాకు తెలుసు అనుకున్నాడంట. ఆ ముసలమ్మ మొహం! తెలవని మొహం! మళ్ళీ అదే మొహం ముందుకొచ్చి నిలబడ్డాను గదరా భగవంతుడా అని, టీ చల్లారిపోయినా గుర్తులేదు, చుట్ట తిరగేసి నోట్లో పెట్టుకున్నా గుర్తులేదు. ఈ బల్ల చుట్టూ తిరిగాడు, ఆ బల్ల చుట్టూ తిరిగాడు. పక్క కొట్టువాళ్ళు వచ్చి ఇదంటారు అదంటారు. మధ్యాహ్నం దాటింది. అట్టా తిరగ్గా తిరగ్గా ఒకచోట ఆగి రెండింటినీ ఎడంగా నిలబడి చూశాడంట. చూస్తే పక్కపక్కన కట్టేసిన ఎద్దుల్లాగా కనపడినయి. ఒకే ఎత్తు, ఒకే రంగు. నలభై ఏళ్ళల్లో ఆయన కుదిరిన జతను విడదీయలా. విడదీస్తే రెండూ చెడతయి అనేవాడు. "సాయిబూ, నాకు జత కావాల" అన్నాడు. "జతేంటండీ?" "రెండూ తోలుకుపోతా. రెండూ నా దగ్గరుంటే పాతది నా దగ్గరున్నట్టే గదా. నీకు అబద్ధం ఆడే పని లేదు." సాయిబు ఆలోచించాడు. తొమ్మిదేళ్ళ బరువు అది. పాతదానికి నాలుగొందలు, కొత్తదానికి వంద అవ్వాలండీ అని గొణిగాడు గానీ, నాలుగొందలకే రెండూ ఇచ్చాడు. ఈసారి తువ్వాల కప్పి గుప్పిట నొక్కితే చెయ్యి లాక్కోలేదంట. ఇంకోటి విన్నారా, సాయిబు కట్టిన తాళ్ళు విప్పి, కోటిలింగం తన పలుపుతాళ్ళతోనే బల్లల్ని బండికి కట్టాడు. మర్యాద మర్యాదే.

ఊళ్ళోకి బండి వచ్చేతలికి జనమంతా రాజ్యలక్ష్మమ్మ గారి ముంగిట్లోనే. ఆమె మెట్టు దిగింది. "ఒకటి తెమ్మంటే రెండు తెచ్చావేందిరా?" "జతమ్మా." "బల్లలకు జతేంది? ఆ రెండోది నేనేమన్నా నాగలికి కట్టాలా?" జనం నవ్వారు. "సరే, రెండింట్లో పాతదేది?" అంది. అందరూ దగ్గరికి జరిగారు. చూడండి, ఇక్కడే ఉంది మెలిక. వేలు పెట్టి ఏదో ఒకటి చూపిస్తే అయిపోయేది. కాదనేవాడు లేడు. పోయిన పేరు అక్కడికక్కడ వచ్చేది. కోటిలింగం చెయ్యెత్తాడంట కూడా. ఎత్తిన చెయ్యి గాల్లో కొంచెంసేపు ఉంది. ఆపైన దించి, తువ్వాల భుజాన వేసుకుని, "తెలవదమ్మా" అన్నాడు. నలభై ఏళ్ళల్లో ఆ నోట ఆ మాట విన్నవాడు లేడు. "తెలవదా?" "తెలవదు. అమ్మినాయనకే తెలవదు. నాకూ తెలవలా. పాతది ఈ రెండింట్లో ఉందని మాత్రం తెలుసు." జనంలో నుంచి మస్తానయ్య అరిచాడు, "కూచునే ఎద్దునే పోల్చలేనోడివి, పలకని చెక్కను నువ్వేం పోలుస్తావు బావా!" గొల్లున నవ్వారు. కోటిలింగం వంగి బల్లల తాళ్ళు విప్పుకున్నాడు.

రాజ్యలక్ష్మమ్మ గారు, ఉండండి నేను చెబుతా, మా నాయన బల్ల చూసి పెరిగినదాన్ని నాకు తెలవదా అని కళ్ళద్దాలు పెట్టుకుంది. ఎడమది పాతదంది. బ్రహ్మయ్య వచ్చి కుడిది అన్నాడు. అడుగు చూడాలని రెండింటినీ బోర్లించారు, వెనక చూడాలని తిప్పారు, నలుగురు ఇటు పట్టారు నలుగురు అటు పట్టారు. మళ్ళీ నిలబెట్టాక ఎడమదేదో కుడిదేదో ఎవరికీ తెలవదు! "ఇందాక నేను చెప్పింది ఏదిరా?" అంటుందామె. "మీరు చెప్పింది నేను చెప్పింది ఒకటేనేమోనమ్మా" అంటాడు బ్రహ్మయ్య. పొద్దు గుంకేదాకా అదే గోల. చివరికి ఆమెకు విసుగొచ్చి, ఒకటి ఇంట్లో పెట్టండి, ఒకటి రాత్రిబడికి మోసుకుపోండి, ఇక నా ముందు పాత కొత్త అన్నవాడి నోట్లో సున్నం కొడతా అని లోపలికి పోయింది.

మూడోనాడు పొద్దున్నే మస్తానయ్య కోటిలింగం ఇంటికొచ్చాడంట. వాకిట్లో నిలబడి, "బావా, మొన్న అన్న మాట నా ఎద్దును కొనేటప్పుడు ఎందుకనలేదు?" అన్నాడు. "అప్పుడు నాకు తెలుసనుకున్నాన్రా." మస్తానయ్య చంకలోంచి కొత్త పలుపుతాడు తీసి ఈయన చేతిలో పెట్టాడు. "శనివారం సంత. ఒక ఎద్దు కావాల. తెలిస్తే తెలిసిందను, తెలవకపోతే తెలవదను. జత మాత్రం తేబాకు, నా దగ్గర మేత లేదు." అట్టా మళ్ళీ మొదలైంది ఆయన పని. పోయేదాకా ఆ చేతికి తాడు తప్పలా.

ఇక అసలు సంగతి. పాతది ఏదంటే, మా బళ్ళోదే. రాజ్యలక్ష్మమ్మ గారి ఇంటోళ్ళు మాదంటే మాదని ఇప్పటికీ అంటారు, అననీ. నేను అ ఆలు దిద్దింది దాని మీద, నాకు తెలవదా? కోటిలింగం కూడా అరవై ఏళ్ళప్పుడు నా పక్కన కూచుని దాని మీదే పేరు రాయడం నేర్చుకున్నాడు. ఒకరోజు అడిగాను, మామా, ఇంతకీ ఏది పాతది, నీకు మనసులో ఏదో ఒకటి ఉంటది గదా, నాకొక్కడికి చెప్పు అని. ఆయన పలక పక్కన పెట్టి, తువ్వాల తీసి నా చేతి మీద కప్పాడు. ఒక వేలు పడతాడా రెండు పడతాడా అని నేను ఆ తువ్వాల వంకే చూస్తా కూచున్నా. గుప్పిట మొత్తం పట్టుకుని నొక్కాడు. మళ్ళీ పలక తీసుకుని రాసుకుంటున్నాడు. బేరం ముగిసిందంట! ఆయనకు ముగిసిందేమో. నాకు ముగియలా. మా బళ్ళోదే పాతది.