‘గాలి’ అంటే విననివారి మధ్య లక్ష్మణసామి గారు

1992వ సంవత్సరం జూన్ ఎనిమిదో తేదీన కోవిల్‌పట్టిలోని కరిసల్ లారీ సర్వీసు టైరు షెడ్డులో శ్రీ లక్ష్మణసామి గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. స్వీకరించిన మొదటి పూటే, అరిగిపోయిన టైరుతో అగ్గిపెట్టెల లోడుకు సిద్ధమైన ఒక బండి చక్రానికి అడ్డంగా రాయి పెట్టి, దాని మీద తామే కూర్చున్నారు. ఆ రాయి మీంచి వారిని లేపడం నేటి వరకు ఏ యజమాని వల్లా కాలేదు.

తొలి సంవత్సరాలలో వారి ఆయుధం ఒక ఇనుప కడ్డీ. దానితో టైరును కొట్టి, వచ్చిన చప్పుడును బట్టి గాలి చాలునో చాలదో తీర్పు చెప్పేవారు. తీర్పు తరచుగా సరిగానే ఉండేది. తప్పినప్పుడు మాత్రం ఒప్పుకునేవారు కారు. 1999లో టైరు మేస్త్రీగా పదోన్నతి పొంది విరుదునగర్ డిపోకు వెళ్లినప్పుడు కోవిల్‌పట్టి డ్రైవర్లు కన్నీళ్లు పెట్టుకోలేదు, హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అభినందన సంచిక కదా అని అబద్ధం రాస్తే వారికే గిట్టదు.

2005లో దూరప్రయాణాల బండ్లకు, వైర్లు లేకుండా టైరు గాలిని కనిపెట్టే పరికరాలు వచ్చాయి. చక్రం లోపల బిగించిన చిన్న యంత్రం గాలి ఒత్తిడిని ఎప్పటికప్పుడు రేడియో ద్వారా డ్రైవరు ముందున్న పెట్టెకు చేరవేస్తుంది. గాలి తగ్గితే ఎర్ర దీపం వెలిగి, పెట్టె చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. జంట చక్రాలలో లోపలిది మెత్తబడినా పక్కది మోస్తుంది గనుక, పరుగెత్తే బండిలో ఆ సంగతి తెలిసే దారి అంతకు ముందు లేదు. డ్రైవర్లు ఆ పెట్టెకు ‘అత్త’ అని పేరు పెట్టారు.

“మామా, మీ అత్త సాత్తూరు దాటినకాడి నుంచి అరస్తానే ఉండాది. నోరు మూసేదానికి మందు ఉండాదా?” అని డ్రైవరు తంగపాండి గారు ఒకనాడు అడిగారు.

“గాలి పట్టు, అదే మూసుకొంటాది. నా నోటికి మాత్రం మందు లేదప్పా” అన్నారు లక్ష్మణసామి గారు.

మొదట వారికీ ఆ పెట్టె గిట్టలేదు. కడ్డీ సరేనన్న లోపలి చక్రాన్ని పెట్టె కాదని నిరూపించిన మరుసటి ఉదయం నుంచి దాని పక్షాన నిలిచారు.

2007 వేసవిలో జరిగినదాన్ని మర్యాద మాటల కింద కప్పిపెట్టడం ఈ వ్యాసం పని కాదు. తిరునల్వేలికి మిరపకాయ మూటలతో పోతున్న తంగపాండి గారి బండిలో, కయత్తారు దగ్గర పెట్టె కూసింది. వారు బండి ఆపి, పెట్టె కూస్తుండగానే డిపోకు ఫోను చేశారు. లక్ష్మణసామి గారు అరుప్పుకోట్టైలో మరో బండి చూడడానికి పోయి ఉండగా, రవాణా మేనేజరు గారు ఫోను ఎత్తారు. బయటివారితో తమిళంలో ‘కాత్తు’ అనవలసిన చోట, కంగారులో తంగపాండి గారికి ఇంట్లో మాట్లాడే తెలుగు మాటే వచ్చింది.

“సార్, కయత్తారు... గాలి సార్, గాలి!”

తమిళ చెవికి అది ‘కాలి’, అంటే ఖాళీ. సరుకు దించేశాడనుకున్న మేనేజరు గారు “కాలియా? సరి, నిక్కామ కెళంబు” అన్నారు. ఖాళీయా, సరే, ఆగకుండా బయలుదేరు అని వారి భావం. గాలి పోతే పోనీ, ఆగకుండా పొమ్మన్నారని తంగపాండి గారికి అర్థమైంది. పోయారు. లోపలి చక్రం పేలింది, ఆ భారమంతా మీద పడి పక్కదీ పేలింది, బండి వాలింది. తంగపాండి గారి కుడికాలు నుజ్జయింది.

వారు ఆసుపత్రిలో ఉండగానే, పెట్టె కూసినా లెక్కచేయని డ్రైవరు అజాగ్రత్త అని డిపో గోడకు ప్రకటన ఎక్కింది. ఉద్యోగం తీసేయడానికి మేస్త్రీ సంతకం ఒక్కటే తక్కువ. లక్ష్మణసామి గారు నేరుగా ఆసుపత్రికి పోయారు.

“ఏమప్పా, అత్త అరస్తే ఆపకుండా పోతివా?”

“ఆపితి మామా. గాలి అని చెప్తి. సరే, పో అనిరి.”

“ఎవురు?”

“పెద్ద సారే.”

ఏ మాట ఏ చెవిలో ఏమైందో వారికి అక్కడే తెలిసిపోయింది. విచారణ గదిలో మేనేజరు గారు, తనకు ‘కాలి’ అనే వినబడిందనీ, అందులో తన తప్పేమీ లేదనీ సెలవిచ్చారు. లక్ష్మణసామి గారు తమిళం వదిలేసి ఇంటి మాటలోనే లేచారు.

“యాడ ఖాళీ అయ్యింది సారే? కయత్తారు గాలిమరలకు మిరపకాయలు అమ్మినాడా? ఫోనులో ఆ పెట్టె ఊరు లేచేలా కూస్తా ఉండె, అది నీ చెవికి పెళ్లి మేళమా? ఏమప్పా అని ఒక్క మాట అడిగేదానికి నోరు నొచ్చెనా?”

గుమాస్తా పాల్‌పాండి గారు ఆ మాటలను మెత్తగా తమిళంలోకి మార్చబోతే, “కారం తగ్గించొద్దురా, అది విరుదునగర్ సరుకు!” అని గద్దించారు.

సంతకం పెట్టలేదు. తంగపాండి గారి ఉద్యోగం నిలిచింది గానీ, నలభై ఊళ్ల దారి తెలిసిన మనిషి గేటు దగ్గర స్టూలుకు పరిమితమయ్యారు. ‘అజాగ్రత్త’ అన్న మాటను యాజమాన్యం వెనక్కి తీసుకోలేదు. పెట్టెలన్నీ గొడవలకు మూలమని ఊడబెరికించింది. తప్పు విన్న చెవికి జీతం పెరిగింది. సరిగా అరిచిన పెట్టెకు గోనె సంచి దక్కింది.

ఈ 2009 జూన్ నెలాఖరున లక్ష్మణసామి గారు పదవీ విరమణ చేస్తున్నారు. శాలువా మేనేజరు గారు కప్పుతారని కబురు వస్తే, వారు చెప్పి పంపిన జవాబు ఇది: “ఆ మాట ఎత్తేసి రాండి, అప్పుడు కప్పండి. లేకుంటే మీరే కప్పుకోండి, చెవుల దాకా.” ఈ వ్యాసం అచ్చుకు పోయే వేళకూ ఆ మాట ఎత్తేయలేదు. కనుక శాలువా తంగపాండి గారే కప్పుతారు. వారు గేటు నుంచి వేదిక దాకా నడిచి వచ్చేవరకు సభ వేచి ఉంటుంది. ముందు వరుసలోని పెద్దలు ఆ నడకను పూర్తిగా చూడాలి.

శ్రీ లక్ష్మణసామి గారు తమ సతీమణి అళగమ్మాళ్ గారితో కలిసి, ఆయురారోగ్యాలతో, తగ్గని కోపంతో, గుండెల నిండా గాలితో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగుల ఆకాంక్ష. సభలో దీనిని పైకి చదివేవారు, చివరి వాక్యంలోని ఆ ఒక్క మాట దగ్గర ఆగి, ముందు వరుస వైపు తిరిగి, ఎవరికీ మరో విధంగా వినబడకుండా పలకాలని మనవి: గాలి.