ఘాటు పోయిన సంపు

కొత్త బ్రష్షులతో తిరిగొచ్చిన బావమరిది, బేకరీ వెనకున్న నీళ్ల సంపు అంచున కూర్చుని తాడు చేతికి తీసుకున్నాడు. దాని రెండో కొస, లోపల ఆసిడ్ పోసి గోడల గార గీకుతున్న బావ నడుముకుంది. పైనుంచి రెండుసార్లు లాగితే, క్షేమంగా ఉన్నానని బావ కూడా తిరిగి రెండుసార్లు లాగాలి. బేకరీ ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇక్కడున్న వంటసోడా మూట ఏదమ్మా?"

"సంపులో కుమ్మరించానయ్యా. ఆసిడ్ ఘాటుకి మీ బావ ఒకటే దగ్గు. చూడలేకపోయాను. ఆసిడ్‌కి సోడా విరుగుడే కదా."

"మూటంతానా?"

"చేసే మంచేదో పూర్తిగా చేద్దామని. పాలు పొంగినట్టు బుసబుసా పొంగి చల్లబడింది. ఘాటు మచ్చుకైనా లేదు. హాయిగా ఉందమ్మా అని మూతిగుడ్డ కూడా తీసేశాడు."

"ఆ పొంగులోంచి వచ్చిన గాలి ఎటు పోయిందమ్మా?"

"పైకి పోయుంటుంది. గాలి ఎక్కడికి పోతుంది?"

"అది మామూలు గాలి కాదు, బరువు. నీళ్లలాగే గుంతలో నిలబడుతుంది. వాసనుండదు. పీల్చేవాడికి తెలియను కూడా తెలియదు."

"ఊరికే గుండెలు బాదుకోకు. నేను ఇందాకటి నుంచీ చూస్తూనే ఉన్నాను. రెండేసిసార్లు తాడు కదులుతూనే ఉందిగా."

అతను తన పిడికిలి వైపు చూసుకున్నాడు.

"ఆ లాగేది నేనమ్మా."