పెడల్ మీద లేని కాలు

కాలేజీ రేసింగ్ జట్టు షెడ్డులో, బైకు ఇంజిన్ తగిలించుకున్న చిన్న రేసు కారులో అక్క కూర్చుంది. తమ్ముడు ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. ముఖం చెల్లకేమో, తెర మీంచి తల ఎత్తడం లేదు.

“యాక్సిలరేటర్ ఇంకోసారి నొక్కక్కా. పూర్తిగా.”

“నొక్కాను.”

“వంద. సరే, ఇప్పుడు వదిలెయ్.”

“వదిలేశాను.”

“పూర్తిగా వదిలేశావా?”

“రెండు కాళ్లూ ఎత్తి పెట్టుకున్నాన్రా. కావాలంటే లేచొచ్చి చూసుకో. ఎంత చూపిస్తోంది?”

“ఆగు.”

“ఏంటి ఆగేది? సున్నా రావాలి కదా.”

“రావాలి.”

“వచ్చిందా?”

“పెడల్ కేబుల్ ఎక్కడైనా పట్టేసిందేమో...”

“కేబుల్ ఇందాకే చూశాను, శుభ్రంగా జారుతోంది. మాట దాటెయ్యకు. ఎంత?”

“పన్నెండు.”

“పన్నెండా?”

“పన్నెండు శాతం.”

“నా కాళ్లు గాల్లో ఉంటే, పెడల్ పన్నెండు శాతం నొక్కానంటోందా నీ కంప్యూటర్?”

“అలాగే అంటోంది.”

“ఆ రోజు మలుపులో కూడా పన్నెండే కదరా. టైర్ల గోడకి గుద్దిన రోజు. గ్రాఫులో ఎర్రగీత.”

“ఊఁ.”

“‘భయపడి కాలు తీయలేదు’ అన్నాడు కెప్టెన్, ఆ గీత మీద వేలు పెట్టి. అందరి ముందూ.”

“ఊఁ.”

“ఊఁ కొట్టడానికి నేనేమన్నా కథ చెబుతున్నానా? పెడల్ సంగతి కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్ ఎవరు మార్చారు?”

“నేనే. గుద్దడానికి ముందు రోజు. పాతది పాడైంది.”

“మార్చాక సున్నా మళ్లీ పెట్టావా?”

“కాలు తీసినప్పుడు ఒకసారి, పూర్తిగా నొక్కినప్పుడు ఒకసారి కొలిచి పెట్టాలి. నొక్కడానికి ఎవరూ లేరు. పాతదానికి టేపు మీద రాసి అంటించుకున్న అంకెలే ఎక్కించేశాను. అదే కంపెనీ, అదే సైజు, ఏమవుతుందిలే అనుకున్నాను.”

“అదే కంపెనీ అయితే? స్క్రూ వెంట్రుకవాసి అటూ ఇటూ బిగిస్తే అంకె మారిపోదూ?”

“మారుతుంది.”

“అయితే నేను కాలు తీశాను.”

“తీశావక్కా. కాలు తీస్తే కంప్యూటర్ పెట్రోలు ఆపెయ్యాలి. దానికి పన్నెండు కనబడింది కాబట్టి ఆపలేదు. కాలు తీసినా బండి తోసుకుపోయిందన్నావు చూడు, అది నిజమే.”

“నెల రోజుల్నుంచి నిద్ర పట్టట్లేదురా నాకు. కళ్లు మూస్తే ఆ మలుపే. తీశానా, తీయలేదా, తీశానా... చివరికి నా కాలి మీద నాకే నమ్మకం పోయింది. డ్రైవర్ సీటు వద్దని కాగితం రాసిచ్చేశాను.”

“తప్పు నాదక్కా.”

“ఈ రోజే కనిపెట్టావా?”

“కొత్త డ్రైవర్‌కి కారు సిద్ధం చెయ్యమన్నారు. అందుకని... ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే...”

“మరి అతన్ని కాకుండా నన్ను కూర్చోబెట్టావేం?”

“ముందు నీకే తెలియాలని.”

“సరేలే, ముక్కు తుడుచుకో. కెప్టెన్ దగ్గరికి పోదాం పద.”

“నేనొక్కణ్ణే వెళ్తాను. తీసేస్తే తీసేస్తాడు.”

“తీసేస్తాడు. ఇంకొక్క పొరపాటు చేస్తే మీ తమ్ముడు ఉండడని నాతో అన్నాడు కూడా. నిన్ను జట్టులోకి తెచ్చింది నేను, నేనూ వస్తాను. తెలియక చేశాడని చెబుతాను.”

“వద్దక్కా.”

“వద్దేంటి? పని చేసేవాడి చేతిలోనే పొరపాట్లు జరుగుతాయి. తెలిసి చేస్తే తప్పుగానీ.”

“అలా అనకు.”

“అంటాను. కాగితం ఇచ్చే ముందు నిన్ను బతిమాలాను కదా, ఆ సెన్సర్ ఒక్కసారి చూడరా, నా మనసు ఒప్పుకోవట్లేదు అని. అరగంటలో వచ్చి ‘అంతా సరిగ్గానే ఉంది’ అన్నావు. పరీక్షల హడావుడిలో చూడకుండానే చెప్పేసుంటావు. పోనీలే, చిన్నవాడివి...”

“చూశానక్కా.”

“ఏం చూశావు?”

“కారులో ఎవరూ లేరు. పన్నెండే ఉంది.”