చుక్క కారని పడవ

జగ్గయ్యపేటలో బాజీ సిల్వర్ సామాన్ల రిపేరు షాపు. రెండు బల్లల మీద ఒక చిన్న అల్యూమినియం పడవ. దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు తిరుగుతున్న, నందిగామ నుంచి వచ్చిన భవానీప్రసాద్ గారు.

"ఒక్క చుక్క కూడా కారట్లేదా?"

"కారట్లేదండి."

"సరిగ్గా చూశావా బాజీ?"

"పొద్దున్నే అంచుదాకా నీళ్ళు నింపి, బల్ల కింద పడుకుని చూశా సార్. నా చొక్కా చూడండి, పొడిగా ఉంది."

"తర్వాత మార్చుకున్నావేమో?"

"ఏంది సార్ మీరు! పాత రివెట్లన్నీ తలలు కోసి పీకేశా. బొక్కలు వదులైనకాడ లావు రివెట్లు కొట్టా. అడుగున చిల్లులకి రేకు ముక్కలేసి, మధ్యలో సీలెంట్ పూసి బిగించా. ముక్త్యాల జాలరోళ్ళ దగ్గర మీరు కొన్నప్పుడు ఇది జల్లెడ. ఇప్పుడు గిన్నె. పాయసం వండుకోవచ్చు."

"పాయసం ఎవడడిగాడయ్యా. అదిగో, ఆ మూల రివెట్టు కొంచెం వంకరగా లేదూ?"

"వంకరైనా బిగువే సార్."

"అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పడవ. వంకరగా ఉంటే ఊరుకుంటారా? పీకేసి మళ్ళీ కొట్టు. నిదానంగా కొట్టు. దసరా దాకా కొట్టు."

"దసరాకి వానలే అయిపోతాయి గదండీ! మునేరు పొంగి మీ బిల్డింగు మునిగితే ఎక్కటానికే గదా దీన్ని కొన్నది?"

"అందుకే. ఐడియా నాదే, సెక్రటరీగా. కిందటిసారి సెల్లార్లో కార్లు తేలుతుంటే, పాల ప్యాకెట్టు కోసం పైనించి బకెట్లు దింపుకున్నాం. మనకంటూ ఒక పడవ ఉండాలి అన్నా. లేచి నిలబడి చప్పట్లు కొట్టారయ్యా!"

"మరింకేం? ట్రక్కు ఆటో పిలవనా?"

"ఉండవయ్యా, ట్రక్కు ఎక్కడికి పోద్ది? ఇందులో ఎంతమంది పడతారు?"

"నడిపేవాడు కాక నలుగురండి. ఐదో మనిషి ఎక్కితే నా పూచీ లేదు."

"మాది పన్నెండు ఫ్లాట్లు."

"ట్రిప్పులేసుకుంటే సరి."

"మొదటి ట్రిప్పు ఎవరిది?"

"అది మీరు చెప్పాలి."

"చెప్పా. మొదటి ట్రిప్పులో మీ సీటు గ్యారంటీ అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పా."

"పన్నెండు ఫ్లాట్లకీనా?"

"మొహం మీద కాదని ఎట్టా అంటాం బాజీ?"

"పై ఫ్లోరు వాళ్ళక్కూడానా? అంతెత్తుకి నీళ్ళు రావు గదండీ?"

"నీళ్ళు రావు. మెయింటెనెన్స్ వస్తుంది. మేం మాత్రం కట్టట్లేదా అంటుంది అక్కడి మామ్మగారు. పైగా ఆవిడకి మడి. పక్కన ఎవరూ తగలకూడదు. ఆవిడొక్కతే రెండు సీట్లు. డాక్టరు గారేమో ఫ్రిజ్జు కూడా ఎక్కాలంటాడు, అందులో మందులున్నాయట. మా ఆవిడేమో ఎదురు ఫ్లాట్లో వాళ్ళక్కని ముందు ఎక్కించకపోతే తను కూడా ఎక్కనంటుంది."

"అమ్మో!"

"ఆదివారం మీటింగు. పడవకి పసుపు కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి ట్రిప్పులో ఎవరెవరో నేను మైకులో చెప్పాలి. చెప్పానంటే మిగతా వాళ్ళు ఈ జన్మలో లిఫ్టులో నన్ను చూసి నవ్వరు. ఇన్నేళ్ళ నుంచీ ఎవ్వరితో మాట పడకుండా నెట్టుకొస్తున్నానయ్యా."

"అందుకని?"

"అందుకని ఒక్క చిల్లు వదిలెయ్."

"సార్!"

"చిన్నదే. కనపడని చోట."

"పేటలో పెళ్ళి డేగిసాలన్నీ నా చేతి మీద నడుస్తున్నాయి సార్. బాజీ కొట్టిన రివెట్టు కారిందంటే, రేపు నా దగ్గరికి టీ గిన్నె కూడా రాదు."

"ఉండు, ఫోను. మా ప్రెసిడెంటు. ఆ, చెప్పండి కిషోర్‌బాబు గారూ... షాపులోనే ఉన్నా... అబ్బే, ఎక్కడండీ, ఇంకా కారుతోంది... ధారగా కారుతోందండి..."

"ఎక్కడండీ ధార?"

"ష్! ఎవరూ కాదండి, బాజీనే. సిగ్గుతో గొణుక్కుంటున్నాడు... ఆదివారానికి కష్టమేనండి... అట్టాగేనండి, ఉంటా. చూశావా, ఎంత మంచాయనో! తొందరేం లేదు, పడవ బాజీ దగ్గరే ఉండనివ్వండి అన్నాడు."

"అంటారండి."

"అంటారంటే?"

"మంచాయన గదా, అందుకని."

"సరే, చిల్లొద్దు. నీ పేరెందుకు పోవాలి? పడవ ఇక్కడే ఉంచు. సరైన రేకు దొరకలేదు, రిపేర్లో ఉంది అని నేను చెప్పుకుంటా."

"మరి వరదొస్తే?"

"నువ్వే తీసుకురావాలి."

"నందిగామకా? మునేరు అంత పొంగితే హైవే మీదికే ఎక్కుద్ది గదండీ! అప్పుడు ట్రక్కులో పడవ ఎక్కించాలా, పడవలో ట్రక్కు ఎక్కించాలా?"

"రోడ్డు మూసేలోపే వచ్చెయ్యి."

"వచ్చి గేటు ముందు ఆపనా?"

"గేటు ముందా? పన్నెండు ఫ్లాట్లూ ఒక్కసారే దూకుతాయి! వెనకవైపు రా. ఫస్ట్ ఫ్లోర్లో మా బెడ్రూం కిటికీ. గ్రిల్లు ఊడదీసేటట్టు స్క్రూలు కూడా పెట్టించా."

"ఆహా..."

"ఏందట్టా చూస్తావు? నేనే మునిగిపోతే అసోసియేషన్ ఎవరు నడుపుతారు? మేం నలుగురమే. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరూ."

"ఎదురు ఫ్లాట్లో మీ వదినగారండి?"

"ఆవిడకి ఈతొచ్చు."

"అట్టాగండీ."

"కిటికీ కింద అరవొద్దు. మిస్డ్ కాల్ ఇవ్వు, చప్పుడు కాకుండా దిగుతాం. ఇది నీకూ నాకూ మధ్యనే ఉండాలి."

"నేను ఎవరి సంగతీ ఎవరికీ చెప్పను సార్. కాకపోతే మిస్డ్ కాల్ కుదరదండి."

"ఏం, సిగ్నల్ ఉండదంటావా?"

"అది కిషోర్‌బాబు గారు తీసేసుకున్నారు. డాక్టరు గారికి ఈల, మామ్మగారికి టార్చి లైటు. మీరింకేదన్నా గుర్తు చెప్పండి సార్."