చదవని పాత మెయిళ్లు

(రెండు వేల ఒకటి. జగిత్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్, పొద్దున. దాన్ని నడిపే రాజనర్సు, కొత్తగా కాపురానికొచ్చిన అతని భార్య అంజవ్వ.)

“ఇగో, ఇటు చూడు. గీడ ఎన్ అక్షరం ఉండె గదా? ఓ అయింది.”

“యాడ?”

“మా తమ్ముని బాక్సుల, నేను రాసిన మెయిళ్ల పక్కన. నిన్న పొద్దుగాల దాంక అన్నిటికీ ఎన్ ఉండె, కొత్తవని. ఇయ్యాల అన్ని ఓ. అంటే పాతవడ్డయి గని ఎవ్వలు సదువలె. బాక్స్ తెరిచి, వరుస చూసి, ఏదీ సదువకుంట మూస్తెనే గిట్లయితది.”

“రోజు నువ్వే తెరుస్తవ్ గదా.”

“నేను ఉత్తగ చూసే తీరుల తెరుస్త. అట్లయితే గుర్తులు మారయి. వెంకటే నేర్పిండు, అడవికి పోయి అన్నలల్ల కలువబోయే ముంగట. యాడ కంప్యూటర్ దొరికితే ఆడ చూస్తనక్కా, నువ్వైతే రాస్తనే ఉండు అన్నడు.”

“మెల్లగ. తలుపు తీసే ఉన్నది.”

“ఎవ్వలున్నరు ఇంత పొద్దుగాల? మొన్న గుట్టల కాడ కాల్పులని పేపర్ల వచ్చిన కాంచి అమ్మకు మెతుకు దిగుతలేదు.”

“పేర్లు వెయ్యలేదు గదా.”

“గుర్తు తెల్వనోళ్లన్నరు. నువ్వే గదా సదివి చెప్పినవ్.”

“ఆ. నేనే.”

“నవ్వరాదూ. వాడు చూసిండు అంటున్న.”

“సర్వర్ ఖరాబైందేమో. కరెంటు పోయొస్తే గుర్తులు తారుమారైతయి.”

“కరెంటు పోతే ఓ పడదు. బీఎస్సీ ఉత్తగనే సదివిన్నా? ఆగు, నీ బాక్సులకు ఒకటి పంపుత.”

“ఏం రాసినవ్?”

“గురక పెడ్తవని. ఎన్ పడ్డదా? ఇప్పుడు సదువకుంట మూస్తున్న. మల్ల తెరువు. ఏమున్నది?”

“ఓ.”

“ఇగ చెప్పు, కరెంటు మీద.”

“సెట్టింగుల పాతవని చూపెట్టొద్దని ఒక్క ముక్క రాస్తే పోతది, అంజవ్వా. మార్చాల్నా?”

“మార్చకు. గా ఓ పోతే నాకేముంటది?”

“చూసిండే అనుకో. అక్క రాసినయి సదువకుంట మూస్తడా?”

“ఎవలో వచ్చి ఉంటరు. లేసి పోయి ఉంటడు. పైన పేర్లన్న సదివి ఉంటడు గదా. చూడు ఏమేం పెట్టిన్నో. నా పెండ్లయింది. కోరుట్ల దాంక స్కూటర్ మీద పోయినం. మీ బావ చాయల అల్లం మస్తు వేస్తడు. మా వాకిట్ల మల్లె మొగ్గ తొడిగింది. గివి చూస్తే నవ్వు రాదా వానికి?”

“వస్తది.”

“నీకేమైంది? నిన్న పని ఉన్నదని ఎటో పోయినవ్, పొద్దుమూకినంక వచ్చినవ్. వచ్చిన కాంచి మొఖం కడుగుతనే ఉన్నవ్. అన్నం పెడితే పిసికి లేసినవ్.”

“దుమ్ము. తలకాయ నొస్తుండె.”

“ఇప్పుడు పోతది సూడు. సిరిసిల్లకు ఫోన్ చేసిన. అమ్మకు చెప్పిన.”

“ఏమని?”

“వెంకటి మంచిగున్నడని. ముందుగాల మాటనే రాలె అమ్మకు. తర్వాత ఎస్‌టీడీ బూతు ఆయనకు, ఆడున్నోళ్లకు అందరికి చెప్పుడే. బస్సెక్కుతున్నదట. ఆ ఓను కండ్లతోటి చూస్తదట. నాకు సదువు రాదు గని గుండ్రంగుంటదన్నవ్ గదా బిడ్డా, గుర్తువడ్త అన్నది.”

“ఎందుకు చేసినవే, నన్ను అడుగకుంట?”

“మంచి మాట చెప్పుటానికి అడుగుడేంది?”

“బస్సెక్కిందా? ఇంకా ఆడనే ఉన్నదా?”

“ఎక్కే ఉంటది. ఎందుకు లేసినవ్? కూసో. ఏమంటున్నవో నాకు సమజైతలేదు.”

“ఏమంటలేను.”

“గీ పాస్‌వర్డ్ వానికెరుక, నాకెరుక. పెండ్లైనంక నీకు చెప్పిన. ఇంకెవ్వలకు తెల్వది.”

“ఆ.”

“నువ్వైతే తెరువలే గదా?”

“అమ్మ బస్సు ఎన్నింటికొస్తది?”

“నిన్నే. తెరువలే గదా?”

“తెరిచిన. నిన్న పొద్దుమూకినంక, ఇంటికి వచ్చే ముంగట. చెరిపేద్దామనుకున్న. రేపు పోలీసోళ్లు చూస్తే నీ పేరు బయటవడ్తది. మూస్తే ఓ పడ్తదని అప్పుడు యాదికి రాలె, అంజవ్వా.”

“చెరుపలేదు మరి.”

“పేర్లు సదివిన. మల్లె మొగ్గ దాంక వచ్చి, ఇగ చెయ్యి ఆడలె.”

“చెరుపుడెందుకసలు? వాడు ఇంకా చూడాలె గదా. ఇటు చూసి చెప్పు. వాడు చూడాలె గదా?”

“నిన్న దవాఖానకు రమ్మని నన్ను పిలిచిండ్రు, గుట్టల కాడ సచ్చినోళ్లను గుర్తువట్టుమని. గుర్తువట్టొచ్చినంకనే తెరిచిన.”