ఆకుపచ్చ జెండా

బిష్కెక్‌లో నూరూజ్ పండుగ వేదిక మీద దీపాల జెండా ఆకుపచ్చగా వెలుగుతోందని పక్కన బోర్సోక్‌లు వేయించే బూరుల్ ఒకటే నవ్వుతోందట. ఆ మాట చెవిన పడగానే దీపాల పని చూసే సాతార్, వాటికి ప్రోగ్రాం రాసిన చోల్పోన్ దగ్గరికి ఒగరుస్తూ వచ్చాడు.

“మన దేశపు ఎర్ర జెండాని ఇలా చేశావేం చోల్పోన్? గంటలో జనం వచ్చేస్తారు!”

“రంగుల సంకేతాల్లో మనం ఎరుపు ముందు పంపుతున్నాం అన్నా. ఈ దీపాల పట్టీ ముందు వచ్చింది ఆకుపచ్చ అనుకుంటుంది.”

“అయితే దీపాల్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాంలో తిప్పి రాసెయ్!”

“అన్నిటికీ అదే డ్రైవర్, దాన్ని ముట్టుకుంటే ఊళ్లో మన దీపాల బోర్డులన్నీ రంగులు మారిపోతాయి. తప్పు డ్రైవర్‌ది కాదు. ఎన్ని దీపాలు, ఏ రంగు ముందు అని కంప్యూటర్‌ని నడిపే కెర్నెల్‌కి ఈ జెండా కోసం మనం రాసిచ్చిన వివరంలో ఉంది.”

“ఒక్క దీపమైనా వెలిగించి చూడకుండా ఎలా రాశావమ్మా?”

“వెలిగించి చూడబోతే, ‘పదేళ్ల అనుభవం నాది, చెప్పింది రాయి’ అన్నది మీరే.”